డిసెంబరు 25 క్రీస్తు జన్మదినంగా ఎలా స్థిరపడింది?

ప్రశ్న (గోదావరిగట్టు): క్రిస్మస్ అసలు క్రైస్తవుల పండుగే కాదని, రోమనుల సూర్యపూజకు కాన్‌స్టంటైన్ చక్రవర్తి పేరు మార్చి చర్చికి అప్పగించాడని చెప్పే సందేశం ఏటా వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. సువార్తల్లో ఈ తేదీ లేదన్న మాట నిజమే కనుక, మిగతాది కూడా నిజమేనా అన్న సందేహం కలుగుతోంది. ఆధారాలు తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (పాతతాళపత్రం): మత్తయి, లూకా సువార్తలు యేసు బేత్లెహేములో పుట్టాడని చెబుతాయే గాని నెల, రోజు చెప్పవు, మార్కు, యోహాను సువార్తల్లో జనన వృత్తాంతమే లేదు. తొలి క్రైస్తవులు యేసు మరణ పునరుత్థానాలకే ప్రాధాన్యమిచ్చారు. మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్ అయితే, లేఖనాల్లో పుట్టినరోజు విందు చేసుకున్నవారు ఫరో, హేరోదు వంటి దుర్మార్గులేనని ఎత్తిచూపాడు. అంతకు కాస్త ముందు, 200 ప్రాంతంలో, అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ రచయిత క్లెమెంట్ నమోదు చేసిన అభిప్రాయాల్లో మే 20కి సరిపోయే తేదీ ఉంది కాని డిసెంబరు 25 లేదు. ఈ తేదీ స్పష్టంగా కనిపించేది 354లో రోమ్‌లో తయారైన ఒక పంచాంగ సంపుటిలో. ఈ తేదీ కనిపించే, అందులోని క్రైస్తవ అమరవీరుల జాబితా 336 నాటిదని పండితులు భావిస్తారు.

జవాబు (నిదానంగా): పై సమాధానానికి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. అదే సంపుటిలోని పౌర పంచాంగం డిసెంబరు 25ను ‘అజేయుని’ జన్మదినంగా పేర్కొని, ఆ రోజు 30 రథపందేలు జరుగుతాయని చెబుతుంది. ఆ అజేయుడు సూర్యుడేనని సాధారణంగా అర్థం చేసుకుంటారు. ఔరేలియన్ చక్రవర్తి 274లో రోమ్‌లో సూర్యునికి ఆలయం ప్రతిష్ఠించిన మాట వాస్తవమే అయినా, ఆ తేదీన సూర్యుని పండుగ జరిగేదనడానికి మనకు దొరికే అతి పాత సాక్ష్యం కూడా ఈ సంపుటే కావడంతో, ఏది ముందో, ఏది ఎవరిని చూసి పుట్టిందో దీన్నిబట్టి తేల్చలేం. మరో వాదం లెక్క మీద ఆధారపడింది: యేసు మార్చి 25న మరణించాడని క్రైస్తవ రచయిత టెర్టూలియన్ కాలం (200 ప్రాంతం) నుంచే పశ్చిమ దేశాల్లో నమ్మేవారు, గర్భధారణ కూడా అదే రోజున జరిగిందనుకుంటే, తొమ్మిది నెలలకు వచ్చేది డిసెంబరు 25. నాకు ఈ వాదమే బలంగా తోస్తుంది, అయితే దీన్ని విడమరచి రాసిన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ పండుగ స్థిరపడిన తరువాతి తరం వాడన్నది మరచిపోకూడదు.

జవాబు (పాతతాళపత్రం): నిజమే. కాన్‌స్టంటైన్ 321లో ఆదివారం సెలవుగా శాసించాడు. క్రిస్మస్ గురించి ఆయన శాసనమేదీ మనకు అందలేదు. 386లో రోమన్ సామ్రాజ్యపు తూర్పు భాగంలోని అంతియొకయ నగరంలో ప్రసంగించిన క్రైస్తవ బోధకుడు క్రిసోస్తమ్, ఈ పండుగ తమకు తెలిసి ఇంకా పదేళ్లు కాలేదన్నాడు. చక్రవర్తి ఆజ్ఞే మూలమైతే అంత పెద్ద నగరానికి అది చేరడానికి అన్ని దశాబ్దాలు పట్టేదా? సూర్యారాధన ప్రభావం శూన్యమని మాత్రం నేననను: ఐదో శతాబ్దంలో కూడా కొందరు విశ్వాసులు రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి మెట్లపై వెనుదిరిగి సూర్యునికి వంగి నమస్కరిస్తున్నారని పోపు లియో మందలించాడు.

ప్రశ్న (గోదావరిగట్టు): ధన్యవాదాలు. మరి రష్యాలో జనవరి 7 ఎందుకు?

జవాబు (నిదానంగా): అక్కడి చర్చి జూలియస్ సీజర్ నాటి పాత జూలియన్ పంచాంగాన్నే పాటిస్తుంది, దాని డిసెంబరు 25 ఇప్పుడు మన లెక్కలో 13 రోజులు ఆలస్యంగా వస్తుంది. అర్మేనియన్ల సంగతి వేరు, వారు జనన, బాప్తిస్మాలను కలిపి జనవరి 6న జరిపే పాత ఆచారాన్నే నిలుపుకున్నారు.