వేగం తగ్గగానే ఎడమ రెక్క వాలిపోతోంది, వాష్‌అవుట్ (చివర్లలో వెనక అంచు కాస్త పైకి ఉండేలా రెక్కను మెలితిప్పడం) ఇవ్వాలా?

గుంటూరు శివార్లలో ఖాళీ పొలాల్లో ఎగరేసే ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) విమానం, ఫోమ్‌బోర్డుతో నేనే చేసింది. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 100 సెం.మీ., వెడల్పు 18 సెం.మీ., అడుగు చదును, పైన వంపు. బ్యాటరీతో కలిపి 650 గ్రాములు.

సగం థ్రాటిల్ పైన హాయిగా ఎగురుతుంది. గొడవంతా ల్యాండింగ్‌లోనే. మోటారు తగ్గించి ముక్కు కాస్త ఎత్తగానే ఎడమ రెక్క ఒక్కసారిగా పడిపోతుంది, ఎప్పుడూ ఎడమే. కుడికి వాలేలా ఐలరాన్ (రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలక) ఇస్తే లేవకపోగా ఇంకా జోరుగా తిరగబడుతుంది. ఎడమ ఐలరాన్ కిందికి దిగి, ఆ చివర గాలి తగిలే కోణం పెరిగి స్టాల్ (కోణం మితిమీరి రెక్క ఎత్తే బలం కోల్పోవడం) ముదురుతోందని నా అనుమానం.

బరువు కేంద్రాన్ని రెక్క ముందు అంచు నుంచి 33 శాతం దగ్గర ఉన్నదాన్ని 27 శాతానికి తెచ్చాను. ముక్కు ఊగడం తగ్గింది గానీ రెక్క వాలడం తగ్గలేదు. కుడి ఎడమల బరువు సమానంగానే ఉంది. మోటారు పూర్తిగా ఆపినా అంతే, కాబట్టి టార్క్ (మోటారు తిరగడం వల్ల విమానం పక్కకు ఒరగడం) కాదు. తెల్లవారుజామున గాలి లేనప్పుడూ ఇదే తంతు. ఫోన్‌లో యాంగిల్ మీటర్ పెట్టి చూస్తే రెండు రెక్కల కోణంలో తేడా కనపడలేదు (ఫోన్‌ని ఎంత నమ్మొచ్చో మీకూ తెలుసు).

రెక్కను కోయకుండా, రెండు ఐలరాన్లనూ 2-3 డిగ్రీలు పైకి సెట్ చేస్తే వాష్‌అవుట్‌లా పనిచేసి ఈ స్టాల్ ఆగుతుందా, లేక రెక్క చివర్లనే మెలితిప్పాలా?