తలకు తీవ్ర గాయమయ్యాక కోలుకోవడానికి గడువంటూ ఉంటుందా? అనుభవాలు, చదివిన పరిశోధనలు పంచుకోండి

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు బైకు ప్రమాదంలో తలకు తీవ్రంగా గాయపడి, శస్త్రచికిత్స, ఐసీయూ అన్నీ దాటుకుని ఇటీవలే ఇంటికి చేరాడు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు స్పృహ స్థాయిని కొలిచే జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్) 6 అని కేస్ షీటులో రాశారు. మెదడు వాపుకు చోటు ఇవ్వడం కోసం పుర్రెలో కొంత ఎముకను తీసి, దానిని పొట్ట చర్మం కింద భద్రపరిచారు. ఇప్పుడు కళ్ళు తెరిచి చూస్తున్నాడు, పిలిస్తే తల తిప్పుతున్నాడు, ఒక్కొక్కసారి చెప్పినట్టు చేయి ఎత్తుతున్నాడు. సాయంత్రమయ్యేసరికి మాత్రం అల్లరిపడి, ముక్కులోని ట్యూబును లాగేసుకోబోతున్నాడు. డిశ్చార్జి రోజున ఒక వైద్యుడు, ఆరు నెలల్లో ఎంత వస్తే అంతే, ఆ తరువాత ఆశ పెట్టుకోవద్దని చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మా నాన్నా క్యాలెండరు వైపే చూస్తున్నారు. ఆ గడువుకు ఆధారం ఏమైనా ఉందా? ఈ దారిలో నడిచినవారు, చదివినవారు చెప్పగలరని కోరుతున్నాను.

ఓరుగల్లు_ఓటీ:
అమ్మా, నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును (ఓటీ), అంటే రోజువారీ పనులు మళ్ళీ చేసుకునేలా శిక్షణ ఇచ్చేవారిని. మీ తమ్ముడిని నేను చూడలేదు కాబట్టి అతని గురించి జోస్యం చెప్పను. ఆ గడువు గురించి మాత్రం చెప్పగలను.

జీసీఎస్ అనేది 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు రూపొందించిన కొలత. 3 నుంచి 15 వరకు ఉంటుంది, 8 లేదా అంతకన్నా తక్కువ ఉంటే తీవ్ర గాయంగా లెక్కిస్తారు. అది ఆ పూట స్పృహ ఎంత లోతుకు పోయిందో చెబుతుంది. ఏడాది తరువాత మనిషి ఎలా ఉంటాడన్నది ఆ ఒక్క అంకెతో తేలదు, వయస్సు, కంటిపాపల స్పందన, స్కానులో కనిపించినవి కూడా చూడాలి.

అమెరికాలోని పెద్ద ట్రామా కేంద్రాలు కలిసి చేసిన ట్రాక్ టీబీఐ అధ్యయన ఫలితాలు 2021లో వచ్చాయి. తీవ్రంగా గాయపడినవారిలో, ఇంట్లో రోజుకు కనీసం 8 గంటలు ఒకరి సాయం లేకుండా ఉండగలిగే స్థితికి రెండు వారాల నాటికి చేరినవారు నూటికి 12 మంది మాత్రమే కాగా, పన్నెండు నెలలకు సగానికి కాస్త పైగా చేరారు. రెండు వారాలకు కళ్ళు తెరిచినా స్పృహ లేని దశలో ఉన్నవారిలో కూడా నూటికి 78 మందికి ఏడాదిలోగా స్పృహ తిరిగి వచ్చింది. నూటికి 25 మందికి తామెవరో, ఎక్కడున్నారో చెప్పగలిగేంత తెలివిడి వచ్చింది. అంటే తొలి వారాల్లోనే తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుందనేది నిజమే, ఆ తరువాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడం, ఆగిపోవడం ఒకటి కావు.

అదే అమెరికాలో 1987 నుంచి మోడల్ సిస్టమ్స్ అనే కార్యక్రమం మెదడు గాయాల బాధితులను ఏళ్ళ తరబడి పరిశీలిస్తోంది. ఆసుపత్రిలో ఉండి పునరావాస చికిత్స పొందినవారిని అయిదేళ్ళ తరువాత చూస్తే, నూటికి 26 మంది మెరుగయ్యారు, 22 మంది ఉన్నచోటే ఉన్నారు, 30 మంది వెనక్కి వెళ్ళారు, 22 మంది మరణించారు. ఆ 30 మంది గురించి కూడా మీకు చెప్పి తీరాలి, ఎందుకంటే ఆరు నెలలు దాటాయి కదా అని చికిత్సను, పర్యవేక్షణను వదిలేయకూడదన్న మాట అందులోనే ఉంది. ఆ అధ్యయనాల్లోని రోగులకు దొరికినంత థెరపీ మన జిల్లాల్లో చాలామందికి దొరకదు. అందువల్ల ఆ అంకెలను యథాతథంగా మన ఇంటికి తెచ్చుకోవడం కూడా సరికాదు.

పాలకొల్లు_గృహిణి:
సాయంత్రపు అల్లరి గురించి రాశారు కదమ్మా, మా వారికీ అలాగే ఉండేది. బంధువులు దాన్ని పిచ్చి అన్నారు, దిష్టి అన్నారు. కాలిఫోర్నియాలోని రాంచో లాస్ అమిగోస్ ఆసుపత్రి వారు తయారుచేసిన దశల పట్టికను మా థెరపిస్టు చూపించేవరకు, అది కోలుకునే దారిలో చాలామందికి ఎదురయ్యే మెట్టు అని మాకు తెలియలేదు. మొదట ఎనిమిది దశలుగా రాసిన ఆ పట్టికలో నాలుగోది సరిగ్గా ఇదే: మనిషి మేలుకుంటాడు, కానీ చుట్టూ ఏం జరుగుతోందో అర్థం కాక ఆందోళనతో కలబడతాడు.

ఆ దశలో మాకు పనికివచ్చినవి చాలా మామూలు విషయాలు. టీవీ ఆపేశాము. ఊరి నుంచి పరామర్శకు వచ్చేవారిని ఒక్కొక్కరిగా మాత్రమే, అదీ కొద్దిసేపే లోపలికి పంపాము. అందరూ ఒకేసారి మాట్లాడకుండా ఒకరే, చిన్న చిన్న వాక్యాలతో మాట్లాడేవాళ్ళం. స్నానం, భోజనం, నిద్ర రోజూ ఒకే వేళకు జరిపించేవాళ్ళం. చేతులు కట్టివేస్తే ఆయన ఆందోళన మరింత పెరిగేది, అందుకే పక్కన ఒకరు కూర్చుని చేయి పట్టుకునేవాళ్ళం. ఉన్నట్టుండి అల్లరి పెరిగితే మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఎక్కడైనా నొప్పి ఉన్నాయేమో ముందు చూడాలని నర్సమ్మ నేర్పారు. నోరు విప్పి చెప్పలేని మనిషి బాధ అలాగే బయటపడుతుంది.

చీటీ_చదువరి:
నేను ఫార్మసీలో పని చేస్తాను. మందుల చీటీల్లో తరచూ చూసే మూడు పేర్ల గురించి పరిశోధనలు ఏం తేల్చాయో చెబుతాను. వైద్యుడిని అడగకుండా దేనినీ ఆపవద్దని ముందుగానే మనవి.

సిటికోలిన్ మాత్రలను నెలల తరబడి కొనే కుటుంబాలు చాలా ఉన్నాయి. కోబ్రిట్ అనే పరీక్షలో తలకు గాయమైన 1,213 మందికి 90 రోజులు ఈ మందో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూశారు. పనులు చేసుకునే శక్తిలో గానీ, జ్ఞాపకశక్తిలో గానీ తేడా కనిపించలేదని 2012లో ప్రకటించారు. ఆ డబ్బుతో ఎన్నిసార్లు థెరపిస్టును ఇంటికి పిలిపించుకోవచ్చో అని కౌంటరు వెనుక నిలబడి చాలాసార్లు బాధపడ్డాను. ఫెనిటోయిన్ విషయంలో 1990 నాటి పరీక్ష, అది మొదటి వారంలో వచ్చే ఫిట్స్‌ను తగ్గిస్తుందని, ఆ తరువాత కాలంలో వచ్చేవాటిని నివారించదని చూపించింది. ఫిట్స్ వచ్చినవారి సంగతి వేరు, రానివారు మాత్రం ఎంతకాలం వాడాలో అడగాలి. అకస్మాత్తుగా మానితే ప్రమాదం. ఇక అమాంటడిన్. గాయమైన 4 నుంచి 16 వారాల మధ్య, స్పృహ లేక లేదా అరకొర స్పృహతో ఉన్న 184 మందికి నాలుగు వారాలు ఇచ్చి చూస్తే, వాడినంత కాలం వేగంగా కోలుకున్నారు, ఆపాక ఆ తేడా తగ్గింది. 2012లో వెలువడిన ఈ ఫలితం గురించి మీ న్యూరాలజిస్టుతో మాట్లాడవచ్చు. మూత్రపిండాల జబ్బు, ఫిట్స్ ఉన్నవారికి ఇది జాగ్రత్తగా ఇవ్వవలసిన మందు.

బోస్టన్_తెలుగు:
ఒక విషయం చేర్చాలి. అమెరికా, ఐరోపాల్లోని ఆరు కేంద్రాల పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఏం చెప్పినా శరీరం కదపని 241 మందికి స్కానుతోనో, మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీతోనో పరీక్ష చేస్తే, 60 మంది మెదళ్ళు ఆ సూచనలను లోపల అనుసరించాయి. మీ తమ్ముడు ఇప్పటికే చేయి ఎత్తుతున్నాడు. అతని మంచం దగ్గర నిలబడి ఖర్చుల గురించి, ఆశ లేదన్న మాటల గురించి దయచేసి ఎవరినీ మాట్లాడనివ్వకండి.

విశాఖ_లెక్కలు:
నేను గాయపడి కోలుకున్నవాడిని, అకౌంట్స్ విభాగంలో ఉద్యోగిని. నడక, మాట తిరిగి వచ్చాక ఇంట్లో అందరూ అయిపోయిందనుకున్నారు, నాకు అసలు కష్టం అప్పుడే మొదలైంది. మధ్యాహ్నానికి మెదడు అలసిపోయేది, చెప్పిన మాట నిలిచేది కాదు, చిన్న విషయానికే కోపం వచ్చేది. జ్ఞాపకశక్తి ఆటల కంటే నోటు పుస్తకం, ఫోను అలారం, గోడ మీద రోజువారీ పట్టిక వంటి బయటి ఆసరాలకే పరిశోధనల్లో ఎక్కువ బలం ఉందని మా సైకాలజిస్టు చెప్పారు, నా అనుభవం కూడా అదే. అలసట మాత్రం ఎంతకీ తగ్గకపోవడంతో హార్మోన్ల రక్త పరీక్ష చేయించారు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి కూడా దెబ్బతింటుందట. 2007లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తలగాయం తరువాత అటువంటి లోపం సుమారు 27.5 శాతం మందిలో కనిపించింది. దీనికి మందు ఉంది కాబట్టి అడగడం మంచిది.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మకు, నాన్నకు ఇవన్నీ చదివి వినిపించాను. ఓటీ గారూ, ఇంకో రెండు సందేహాలు. ఎముక మళ్ళీ అమర్చేవరకు కూర్చోబెట్టడం, నిలబెట్టడం చేయించవచ్చా? వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి ఇప్పుడే వెళ్ళాలా?

ఓరుగల్లు_ఓటీ:
సర్జన్ వద్దనకపోతే చేయించవచ్చమ్మా, చేయించాలి కూడా. మంచం దిగేటప్పుడు తలకు రక్షణ టోపీ పెట్టండి, ఎముక లేని వైపు ఒత్తిడి పడకుండా పడుకోబెట్టండి. ఎముక అమర్చాక కొందరిలో చురుకుదనం పెరగడం వైద్యులు గమనించారు కాబట్టి ఆ తేదీని సర్జన్‌తో గట్టిగా మాట్లాడి తెలుసుకోండి. దగ్గరలో పూర్తిస్థాయి పునరావాస విభాగం లేకపోతే బెంగళూరులోని నిమ్హాన్స్‌లో, వెల్లూరు సీఎంసీలో ఉన్నాయి. అక్కడ ఇంటివారికి కూడా శిక్షణ ఇస్తారు.

సదరం విషయానికి వస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మెదడు గాయం విడిగా లేదు. అందుచేత దాని వల్ల మిగిలిన లోపాన్ని బట్టి, అంటే కదలిక, మాట, మానసిక స్థితి వంటివాటి కింద అంచనా వేస్తారు. ఇంత తొందరగా శాశ్వత ధ్రువపత్రం ఇవ్వకపోవచ్చు. డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ ఫిల్ములు, పోలీసు ఎఫ్ఐఆర్ నకలు ఒకే ఫైలులో పెట్టి ఉంచండి. ప్రమాద పరిహారం కేసుకూ అవే కాగితాలు కావాలి.