సజ్జ సర్దుతుంటే 'తేలనివి' సంచే నిండిపోతోంది, ఏం చేయాలి?

సికింద్రాబాద్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. రెండు సజ్జలు, ఒక బీరువా, మంచం కింద అట్టపెట్టెలు. అంతా ఒకేసారి దించితే రాత్రికి పడుకునే చోటుండదు. అందుకే రోజుకు 20 నిమిషాలు, ఒక్క అర, టైమర్, మూడు సంచులు: ఉంచేవి, ఇచ్చేవి, తేలనివి.

చిక్కంతా మూడోదానితోనే. కరాచీ బేకరీ బిస్కెట్ డబ్బా మూత తీస్తే సన్నపిన్ను నోకియా చార్జర్, ఏ తాళానివో తెలియని మూడు చెవులు, ఊడిన చొక్కా గుండీలు. ఒక్కొక్కటీ చిన్న నిర్ణయమే, కానీ ముప్పై దాటేసరికి బుర్ర మొరాయిస్తుంది. ఆపైన 'ఇంత చేరనిచ్చానే' అని తిట్టుకోవడం మొదలైతే మర్నాడు సజ్జ వైపే చూడబుద్ధి కాదు. బద్ధకం కాదిది, అలసట. టైమర్ మోగగానే ఆపేస్తే కాస్త నయం.

తేలనివి సంచి మీద తేదీ రాసి 3 నెలలు కట్టి ఉంచడం ఎవరికైనా పనిచేసిందా? వానాకాలంలో బట్టలైతే ముక్కిపోతాయి కదా. పోయినవాళ్ల చీరల్లో ఎన్ని ఉంచుకుంటే మనసు ఒప్పుకుంటుంది? పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు వస్తారు గానీ, ఆ గిన్నెలు మళ్లీ సజ్జెక్కుతాయి!

ఇంటి రిజిస్ట్రేషన్ పత్రాలు పక్కన పెట్టేశాం, ఆధార్, లైసెన్స్ డిజిలాకర్‌లో ఉన్నాయి. మిగిలింది ఉబ్బిన ఫోన్ బ్యాటరీలు. నలిగితే అంటుకుంటాయి కాబట్టి చెత్త ఆటోలో వేయలేం. ఈ చుట్టుపక్కల ఎక్కడ తీసుకుంటారు?