పాత ఎఫ్‌డీ లెన్స్‌కి ఏ మిర్రర్‌లెస్ బాడీ తీసుకోవాలి?

నాన్న వాడిన కెనాన్ ఎఫ్‌డీ (పాత ఫిల్మ్ కెమెరాల మౌంట్) 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌ని నా నికాన్ డీఎస్ఎల్ఆర్‌కి తగిలిద్దామని రెండు అడాప్టర్లు కొన్నాను, ఒకటి లోపల గ్లాస్ ఉన్నది, ఇంకోటి లేనిది. గ్లాస్ లేనిది పెడితే, రింగ్ ఇన్‌ఫినిటీ దగ్గరున్నా సుమారు 60 సెంటీమీటర్లు దాటాక అంతా మసకే. ఎఫ్‌డీ ఫ్లాంజ్ దూరం (లెన్స్ తగిలే చోటు నుంచి ఫిల్మ్ లేదా సెన్సర్ వరకు) 42 ఎంఎం, నా కెమెరాకున్న నికాన్ ఎఫ్ మౌంట్‌ది 46.5. ఆ తేడాయే కొంప ముంచిందని తర్వాత తెలిసింది. గ్లాస్ ఉన్నదానితో దూరం కుదిరింది కానీ, ఎఫ్/1.8లో పాప కనురెప్పల చుట్టూ పాలు పోసినట్టు తెల్లటి పొర. ఎఫ్/5.6 పెడితే తగ్గుతోంది, అప్పుడు ఇంట్లో వెలుతురు చాలదు.

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ దూరం తక్కువ కాబట్టి ఇక అవే దిక్కు. సెకండ్‌హ్యాండ్ సోనీ ఏ7 టూ ఫుల్ ఫ్రేమ్ (సెన్సర్ ఫిల్మ్ అంత ఉంటుంది), బాడీలోనే చేతి వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఉంది. నికాన్ జెడ్50లో అది లేదు, పైగా సెన్సర్ చిన్నది కాబట్టి 50 ఎంఎం కాస్తా 75లా పనిచేస్తుంది. రాత్రి ట్యూబ్‌లైట్ కింద, చేత్తో పట్టుకుని, ఎఫ్/1.8లో మాన్యువల్ ఫోకస్ పట్టడానికి ఈ రెండింట్లో ఏది నయం?