మొదటి ఆల్బమ్: స్నేర్ రేకు డబ్బాలా మోగుతోంది

ప్రశ్న: సత్యనారాయణపురంలో మేడమీద 12×10 అడుగుల గదిలో రికార్డింగ్. ఆల్టర్నేటివ్ రాక్, 8 పాటలు. ఇంటర్‌ఫేస్‌కి (మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) నాలుగు ఇన్‌పుట్లే. స్నేర్ (డ్రమ్స్‌లో చురుగ్గా టప్పుమనే డ్రమ్) విడిగా వింటే బానే ఉంది, ఓవర్‌హెడ్స్ (డ్రమ్స్ పైన పెట్టే రెండు మైకులు) కలిపితే పల్చబడుతోంది. మైకులు మార్చాలా?

బెజవాడ బేస్: వద్దండీ, అది ఫేజ్ గొడవ, అంటే ఒకే శబ్దం మైకులకి వేర్వేరు సమయాల్లో చేరి ఒకదాన్నొకటి తగ్గించుకోవడం. స్నేర్ మధ్య నుంచి రెండు ఓవర్‌హెడ్స్‌కీ దారంతో కొలవండి, దూరం సమానంగా రావాలి. ఒక్క అడుగు తేడాకే దాదాపు 0.9 మిల్లీసెకన్ల ఆలస్యం. తర్వాత స్నేర్ ట్రాక్ పొలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసే బటన్) వినండి, ఏది బరువుగా ఉంటే అది ఉంచండి. డ్రమ్ కిట్ పైన సీలింగ్‌కి మందపాటి బొంతలు కట్టండి. కర్టెన్లతో పని జరగదు. నాలుగు మైకులు చాలు. అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణ తొలి ఆల్బమ్ (1989) ఎనిమిది ట్రాకుల రికార్డింగ్ మిషన్ మీదే అయింది, బిల్లు 606 డాలర్లు.

గుంటూరు గెయిన్: గిటార్లకి గెయిన్ (గరగర పెంచే నాబ్) తగ్గించి, అదే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) రెండుసార్లు వాయించి ఎడమా కుడీ పెట్టండి. ఒకే టేక్‌ని కాపీ చేస్తే వెడల్పు రాదు. ఏసీ ఆపగానే ట్యూనింగ్ జారుతుంది, ప్రతి టేక్‌కీ చూసుకోండి. హమ్ (గుయ్యిమనే శబ్దం) వస్తోందని ఎర్త్ పిన్ మాత్రం పీకకండి, షాక్ కొడుతుంది.

ప్రశ్న వేసినవారు: కొలిచానండీ, ఎడమది 7 అంగుళాలు ఎక్కువుంది. సరిచేస్తే స్నేర్ నిండుగా వచ్చింది.