నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ మాత్రం దిగడం లేదు – 200 లీటర్ల రీఫ్ ట్యాంక్, తిరుపతి

అలిపిరి_రీఫ్:

అందరికీ నమస్కారం. ఇది పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంక్ (రీఫ్), మూడడుగులది, సంప్‌తో (కింద ఉండే ఫిల్టర్ తొట్టి) కలిపి నికరంగా 200 లీటర్ల నీళ్లు. 22 కిలోల డ్రై రాక్, అడుగున అంగుళం ఇసుక. పెట్టి ఏడాది దాటింది. క్లౌన్ చేపలు రెండు, డామ్‌సెల్ ఒకటి. పగడాలన్నీ మెత్తటివే: జోయాంథస్, మష్రూమ్, ఒక లెదర్. స్కిమ్మర్ (నురగతో మురికి తీసేది) రోజంతా నడుస్తుంది, సంప్‌లో కీటో పాచి ఉంది. ఉప్పు 1.025, వేడి 26 డిగ్రీలు, ఆల్కలినిటీ 8.5.

సాలిఫర్ట్ కిట్‌లో నైట్రేట్ అచ్చంగా సున్నా. హన్నా అల్ట్రా లో రేంజ్ ఫాస్ఫరస్ చెకర్‌లో 60 వస్తోంది. జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్ పీల్చే ఐరన్ ఆక్సైడ్ గింజలు) కొత్తది వేస్తే 20కి దిగుతుంది, నాలుగైదు రోజులకు మళ్లీ మొదటికే. రోజుకు 2 మి.లీ. వోడ్కా కూడా పోస్తున్నా. ఇసుక మీద ఎర్రటి పొర కడుతోంది, జోయాలు సగమే విచ్చుకుంటున్నాయి, కీటో పాలిపోయి తాకితే విరిగిపోతోంది. వోడ్కా పెంచాలా, జీఎఫ్‌ఓ పెంచాలా? టాపప్‌కి (ఆవిరైన నీళ్లు నింపడానికి) ఇంట్లో తాగే ఆర్‌ఓ నీళ్లే వాడుతున్నా.

సంప్_కింద:

రెండూ పెంచొద్దన్నా. చూడ్డానికి ఫాస్ఫేట్ ఎక్కువైనట్టు ఉంది గానీ, అసలు చిక్కు నైట్రేట్ లేకపోవడం.

ముందు ఆ 60 సంగతి. ఆ చెకర్ చూపేది ఫాస్ఫేట్ కాదు, ఫాస్ఫరస్, అదీ పీపీబీలో (వంద కోట్లలో ఎన్ని వంతులు). దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ వస్తుంది. మీది 0.18 పీపీఎం (పది లక్షల్లో వంతులు). మెత్తటి పగడాలకు 0.05 నుంచి 0.10 చాలు, అంటే చెకర్‌లో 16 నుంచి 33. మీది ఎక్కువే, కానీ రాత్రికి రాత్రి ఏదీ చచ్చిపోయేంత కాదు. ఆ మీటర్‌కు 5 పీపీబీ అటూ ఇటూ తేడా ఉంటుంది, దానికి తోడు రీడింగ్‌లో 5 శాతం. 58 వచ్చిందని సంతోషం, 63 వచ్చిందని దిగులు అక్కర్లేదు. సున్నా కొట్టడానికీ, పొడి కలిపాక చూడడానికీ ఒకే సీసా వాడండి. వేలిముద్రలు తుడవండి. ప్యాకెట్ మూలల్లో పొడి మిగలకుండా తట్టి పోయండి. పొడి కరిగేదాకా రెండు నిమిషాలు మెల్లగా తిప్పండి, సీసా గోడకు బుడగలు అంటుకుంటే రీడింగ్ తప్పుతుంది.

ఇక వోడ్కా. అది బ్యాక్టీరియాకు కార్బన్ ఇస్తుంది. బ్యాక్టీరియా పెరగాలంటే నైట్రోజన్, ఫాస్ఫరస్ రెండూ కావాలి, అందులో నైట్రోజన్ చాలా ఎక్కువ కావాలి. సముద్రపు ప్లాంక్టన్‌లో ఒక ఫాస్ఫరస్ అణువుకు 16 నైట్రోజన్ అణువులు ఉంటాయి. బరువు లెక్కన ఒక వంతు ఫాస్ఫేట్‌కు దాదాపు పది వంతుల నైట్రేట్. ట్యాంక్‌ను సరిగ్గా ఆ నిష్పత్తిలో పెట్టాలని కాదు, ఏది ముందు అయిపోతుందో తెలియడానికి చెబుతున్నా. పైగా రాళ్ల లోపల గాలి ఆడని చోట మరో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌ను వాయువుగా మార్చి బయటికి పంపేస్తుంది. ఫాస్ఫేట్‌కు అలాంటి దారి లేదు. కాబట్టి నైట్రోజన్ ముందు ఖాళీ అయిపోయి, ఫాస్ఫేట్ తినేవాళ్లు లేక మిగిలిపోయింది. మీ కీటో పాలిపోయిందీ అందుకే. అది చచ్చి కుళ్లితే పట్టుకున్నదంతా మళ్లీ నీళ్లలోకే వదులుతుంది, విరిగిన ముక్కలు ఇవాళే తీసేయండి.

జీఎఫ్‌ఓ నిలబడకపోవడానికి కారణం రాయి. సున్నపు రాయి ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుంటుంది, నీళ్లలో తగ్గగానే వదులుతుంది. 22 కిలోల రాయి వదులుతున్నంత కాలం మీరు ఎన్నిసార్లు మార్చినా అంకె తిరిగి వస్తుంది. అలా 60 నుంచి 20కి, 20 నుంచి 60కి ఊగడం పగడాలకు నిలకడగా 60 ఉండడం కన్నా చేటు.

చేయాల్సింది ఇది. వోడ్కా మూడు రోజులు 1 మి.లీ., తర్వాత మూడు రోజులు అర మి.లీ., ఆపై బంద్. జీఎఫ్‌ఓ తీసేయండి. 32.6 గ్రాముల పొటాషియం నైట్రేట్‌ను ఆర్‌ఓడీఐ నీళ్లలో (ఆర్‌ఓ తర్వాత డీఐ రెజిన్‌తో మిగిలిన లవణాలూ తీసేసినవి) కరిగించి మొత్తం ఒక లీటరు చేయండి. ఇందులో ఒక మి.లీ.కి 20 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంటుంది, మీ ట్యాంక్‌కు 10 మి.లీ. పోస్తే 1 పీపీఎం పెరుగుతుంది. రోజుకు 5 మి.లీ.తో మొదలుపెట్టి, రిటర్న్ పంపు దగ్గర మెల్లగా పోయండి. మూడు రోజులకోసారి టెస్ట్ చేయండి. మొదట్లో పోసిందంతా మాయమై సున్నాయే చూపిస్తుంది, అది మంచి గుర్తే. వారం దాటినా సున్నా అయితే రోజుకు 10 మి.లీ. చేయండి, అంతకు మించొద్దు. 5 పీపీఎం నిలబడ్డాక తగ్గించుకుంటూ రండి.

కిట్ మీద అనుమానం ఉంటే అదే ద్రావణం 1 మి.లీ.ను 2 లీటర్ల ఆర్‌ఓడీఐ నీళ్లలో కలపండి, సరిగ్గా 10 పీపీఎం. కిట్ 10 చూపాలి. తక్కువ రీడింగులకు సాలిఫర్ట్ సీసాను పైనుంచి కాకుండా పక్కనుంచి చూసి, వచ్చిన అంకెను పదితో భాగించాలి. మీ సున్నా నిజంగా సున్నాయేనా అన్నది అక్కడ తేలిపోతుంది.

బోరునీళ్లు_చిత్తూరు:

పైన చెప్పిందానితో ఏకీభవిస్తా. కానీ ఆ టాపప్ నీళ్లను ఎవరూ పట్టించుకోలేదు.

తాగునీటి ఆర్‌ఓ మిషన్లలో చాలావాటికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. రుచి కోసం వడకట్టని నీళ్లు కొంచెం కలిపి ఇస్తుంది. పైన మినరల్ కార్ట్రిడ్జ్ ఒకటి. మనిషికి మంచిదే, రీఫ్‌కు కాదు. మన వైపు ఏప్రిల్, మే ఎండల్లో ఫ్యాన్ పెట్టి చల్లబరిస్తే ఈ సైజు ట్యాంక్‌లో రోజుకు నాలుగు లీటర్లు ఆవిరవడం మామూలు. నెలకు 120 లీటర్లు. నీళ్లు పోతాయి, వాటిలో వచ్చిందంతా ట్యాంక్‌లోనే ఉండిపోతుంది. బోరు నీళ్లలో ఉండే సిలికేట్ ఇసుక మీద గోధుమరంగు డయాటమ్ (సూక్ష్మ పాచి) పొరకు తిండి.

మెంబ్రేన్ నుంచి నీళ్లు బయటికొచ్చే పైపుకు, కంట్రోలర్ కన్నా ముందే, ఒక టీ జాయింట్ వేయించి మిక్స్‌డ్ బెడ్ డీఐ రెజిన్ కార్ట్రిడ్జ్‌కు కలపండి. టీడీఎస్ పెన్‌లో సున్నా రావాలి. బోరు నీళ్లు 800 టీడీఎస్ ఉంటే మెంబ్రేన్ తర్వాత కూడా 40 నుంచి 80 మిగులుతుంది, రెజిన్ తొందరగా అయిపోతుంది. రంగు మారే రెజిన్ తీసుకుని, మూడొంతులు మారగానే కొత్తది వేయండి. పెన్ 1 చూపేదాకా ఆగొద్దు. రెజిన్ అయిపోయేటప్పుడు ముందు జారేది సిలికానే, పెన్ దాన్ని సరిగా పట్టుకోలేదు. 20 లీటర్ల క్యాన్ నీళ్లు కూడా వద్దు.

అలిపిరి_రీఫ్:

చాలా థ్యాంక్స్ అన్నా, ఇద్దరికీ. మూడు సందేహాలు. మామిడి పూతకు కొట్టే 13-0-45 పొటాషియం నైట్రేటే కదా, అది వాడొచ్చా? ఆ ఎర్ర పొర డైనో (డైనోఫ్లాజెల్లేట్ అనే సూక్ష్మజీవి) కాదని ఎట్లా తెలుస్తుంది? నైట్రేట్ కోసం చేపలకు మేత పెంచితే సరిపోదా?

పగడపు_తోట:

13-0-45 అదే మందు, కానీ బస్తా వెనక రాసింది చదవండి. సూక్ష్మపోషకాలు కలిపిన రకాలూ ఉంటాయి. రాగి ఉందంటే ముట్టుకోవద్దు, నత్తలు, రొయ్యలు ముందు పోతాయి. 33 గ్రాముల కోసం అంత రిస్క్ ఎందుకు? తిరుపతిలో ఇన్ని కాలేజీలు, యూనివర్సిటీలు ఉన్నాయి, ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపుల్లో ఏఆర్ గ్రేడ్ (ల్యాబ్ పరీక్షలకు వాడే శుద్ధమైన రకం) అడగండి. నిప్పుకు దూరంగా పెట్టండి. సోడియం నైట్రేట్ దొరికితే ఇంకా మేలు, లీటరుకు 27.4 గ్రాములు వేస్తే అదే బలం. పొటాషియం నైట్రేట్‌తో 1 పీపీఎం నైట్రేట్‌కు 0.63 పీపీఎం పొటాషియం కూడా చేరుతుంది. సముద్రంలో సహజంగా 400 దాకా ఉంటుంది కాబట్టి వారానికి 20 లీటర్లు మారుస్తుంటే భయం లేదు.

పొర సంగతి: వేలితో లేపితే గుడ్డపేలికలా ఒకే ముక్కగా లేస్తే అది సయనో (సయనోబ్యాక్టీరియా). జిగురు తీగల్లా సాగి, చివర్లో బుడగలు నిలిస్తే డైనో కావచ్చు. కొంచెం సీసాలోకి తీసి గట్టిగా కుదిపి, టిష్యూ పేపర్‌తో వడకట్టి, ఆ నీళ్లను గంటసేపు లైటు కింద ఉంచండి. మళ్లీ తీగలుగా కట్టుకుంటే డైనో, విడిగానే ఉంటే కాదు. ఎరుపు, నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ నిండుగా అంటే నా ఓటు సయనోకే. కొన్ని రకాల సయనో నీళ్లలో కరిగిన నైట్రోజన్ వాయువును నేరుగా వాడుకోగలవు, అందుకే మిగతావన్నీ ఆకలితో ఉన్నప్పుడు అదొక్కటే పెరుగుతుంది. నీళ్లు మార్చేటప్పుడు సన్న పైపుతో పీల్చేయండి. యాంటీబయాటిక్ పొడుల జోలికి పోవద్దు.

మేత పెంచితే నైట్రోజన్‌తో పాటు ఫాస్ఫరస్ కూడా వస్తుంది. మీకు కావాల్సింది ఒక్కటే, అదొక్కటే ఇవ్వండి.

ఇంకోమాట. నీళ్లు కుదిరాక గట్టి పగడాలు పెట్టాలనిపిస్తుంది. సముద్రంలోని రీఫ్ కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. ఎవరో తెచ్చిస్తామన్నా తీసుకోకండి.

సంప్_కింద:

మేత విషయంలో పైన చెప్పిందే కరెక్టు. జీఎఫ్‌ఓ ఎప్పుడు మళ్లీ పెట్టాలో చెప్పడం మరిచా. నైట్రేట్ 5 దగ్గర మూడు వారాలు నిలబడినా చెకర్ 40 పైనే ఉంటే, 40 గ్రాములు మాత్రమే, తుప్పు నీళ్లు పోయేదాకా కడిగి, రియాక్టర్‌లో గింజలు పైపైన కదిలేంత ప్రవాహంతో పెట్టండి. వారానికి 10 పీపీబీ కన్నా వేగంగా దిగితే సగం తీసేయండి.

చెకర్ 7 కిందికి వచ్చిందంటే ఫాస్ఫేట్ మరీ తక్కువ వైపు జారుతున్నట్టు, అప్పుడే డైనో వస్తుంది. జీఎఫ్‌ఓ మొత్తం తీసేసి, 1.43 గ్రాముల మోనోపొటాషియం ఫాస్ఫేట్‌తో లీటరు ద్రావణం చేసి 4 మి.లీ. పోయండి, 0.02 పీపీఎం పెరుగుతుంది. మర్నాడు టెస్ట్ చేస్తే సగం కూడా కనబడకపోవచ్చు, రాయి తీసుకుని ఉంటుంది. అంకె నిలిచేదాకా రోజూ అంతే పోయండి.