బాల్టిక్ క్రూయిజ్: కోపెన్‌హాగన్ 7 రాత్రులా, సౌతాంప్టన్ 14 రాత్రులా?

అమలాపురం_కొబ్బరి

నమస్కారమండీ. వచ్చే వేసవికి అమ్మానాన్నలతో కలిసి నలుగురం ఉత్తర ఐరోపా పాత రేవు పట్టణాలు చూద్దామనుకుంటున్నాం. ఏజెంటు రెండు ప్లాన్లు పంపాడు.

ఒకటి, కోపెన్‌హాగన్‌లో ఎక్కి అక్కడే దిగే 7 రాత్రులది. బెర్లిన్, టాలిన్, హెల్సింకి, స్టాక్‌హోమ్. జూన్ 20న బయలుదేరుతుంది. రెండోది సౌతాంప్టన్ నుంచి 14 రాత్రులు, జూలైలో. ఆ ఊళ్ళతో పాటు రీగా, గ్దాన్స్క్, విస్బీ కూడా ఉన్నాయి. తలకి ఖర్చు దాదాపు రెట్టింపు.

నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు కష్టం. అమ్మ శాకాహారి. ఏది తీసుకోమంటారు? సెయింట్ పీటర్స్‌బర్గ్ రెండిట్లోనూ లేదేంటి?

రేవు_లెక్కలు

పీటర్స్‌బర్గ్ సంగతి 2022లోనే ముగిసిందండీ. ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే పెద్ద కంపెనీలన్నీ ఆ రేవు తీసేశాయి. ఆ ఖాళీలోకే గ్దాన్స్క్, రీగా, విస్బీ లాంటివి ఎక్కువగా వస్తున్నాయి.

ఇక ఊళ్ళ పేర్లు లెక్కపెట్టడం మానెయ్యండి. ఏజెంటుని రెండే అడగండి: ఓడ ఏ రేవులో కడతారు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. ఊరి పేరు పక్కన బ్రాకెట్లో చిన్నక్షరాలతో ఉండేదే అసలు రేవు.

మీ ప్లాన్లో "బెర్లిన్" అంటే సముద్రం ఒడ్డున ఉన్న వార్నెముండె రేవు. అక్కణ్ణించి బెర్లిన్ పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని అంతసేపు బస్సులో కూర్చోబెట్టడం శిక్షే. దాని బదులు లోకల్ ట్రైనెక్కితే ఇరవై నిమిషాల్లో రోస్టాక్. అదీ హన్సా (మధ్యయుగాల నాటి ఉత్తర ఐరోపా వర్తక సంఘం) వాళ్ళ పాత రేవే. సెయింట్ మేరీ చర్చిలో 1472 నాటి ఖగోళ గడియారం ఇప్పటికీ నడుస్తోంది. మధ్యాహ్నం పన్నెండుకి దాని ముందు నిలబడితే పైన అపొస్తలుల బొమ్మలు కదులుతాయి.

"గ్దాన్స్క్" అంటే చాలాసార్లు గ్దీనియా. లోకల్ రైల్లో ముప్పావుగంట లోపే కాబట్టి బాధ లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది స్టాక్‌హోమ్ దగ్గర. కొన్ని ఓడలు నగరంలోనే, స్టాడ్స్‌గోర్డెన్‌లోనో ఫ్రీహామ్నెన్‌లోనో ఆగుతాయి. కొన్ని దక్షిణాన దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో నీనెస్‌హామ్న్‌లో ఆగిపోతాయి. అక్కణ్ణించి రైలు గంట. పోయేది ఆ గంట ఒక్కటే కాదు. నగరం దాకా వెళ్ళే ఓడ వేల దీవుల మధ్య నుంచి మూడు నాలుగు గంటలు మెల్లగా నడుస్తుంది. గ్రానైట్ బండలు, ఎర్ర రంగు చెక్క ఇళ్ళు, ఇంటికో చెక్క రేవు, ఓడ పక్కనుంచే దాటిపోతాయి. ఈ దారి మొత్తానికి అందమైన భాగం అదే. నీనెస్‌హామ్న్ అని రాసుంటే నేనైతే ఆ ఓడ వదిలేస్తాను.

విస్బీకి కూడా ఓడ గట్టుకే కడుతుందా, సముద్రంలో ఆపి చిన్న పడవల్లో దింపుతారా అని అడగండి. పడవలైతే ఊగుతున్న చోట అడుగు చాచి దిగాలి. మన గోదావరి పంటు మీద రేవు దాటినంత తేలిక కాదు. గాలి ఎక్కువైతే ఆ ఊరే రద్దు చేస్తారు, టికెట్ డబ్బు తిరిగి రాదు, ఆ రేవు రుసుము మాత్రం ఇస్తారు.

ఇంకోటి, తేదీ. జూన్ 20న బయలుదేరితే మిడ్‌సమ్మర్ పండగల్లో పడతారు. ఎస్టోనియాలో జూన్ 23, 24 సెలవులు. స్వీడన్‌లో 19కీ 25కీ మధ్య వచ్చే శుక్రవారం ఊరంతా పల్లెలకి పోతుంది, కొట్లు మూసేస్తారు. ఫిన్లాండ్‌లోనూ అదే తంతు. సంక్రాంతి నాడు హైదరాబాద్ చూడటానికి వెళ్ళకండి అని చెప్పాలా?

మండపేట_వీసా

కాగితాల సంగతి నేను చెప్తానండి. కోపెన్‌హాగన్ ప్లాన్‌లో అన్నీ షెంగెన్ దేశాలే, ఒక్క వీసా చాలు. సౌతాంప్టన్ అయితే బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. నలుగురికి రెండేసి ఫీజులు, రెండేసి సార్లు వేలిముద్రలు. ఏజెంటు చెప్పే ధరలో ఇది కలవదు.

షెంగెన్‌కి ఎక్కువ రోజులు ఉండే దేశానికే పెట్టుకోవాలి, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఓడకి ముందో వెనకో కోపెన్‌హాగన్‌లో రెండు రాత్రులు ఉంటే డెన్మార్క్ అని తేలిపోతుంది. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, సెంటర్ వాళ్ళ చార్జి అదనం. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి. ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు. వేసవి స్లాట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి మార్చి దాటనివ్వకండి. ఓడ బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొట్టిగా, ఒకచోట పూర్తిగా ఉండటం మనవాళ్ళకి తరచూ తలనొప్పి.

విమానం ఓడ ఎక్కే రోజునే దిగేలా పెట్టొద్దు. రాజమండ్రి ఫ్లైట్ రెండు గంటలు లేటైతే హైదరాబాద్‌లో కనెక్షన్ పోతుంది, ఓడ ఆగదు.

ధర పోల్చేటప్పుడు టిప్పులు, వైఫై, మందు, కూల్‌డ్రింకులు కలిపి చూడండి. టిప్పులు చాలా కంపెనీల్లో రోజుకి తలకి పదహారు నుంచి ఇరవై డాలర్లు. ఏజెంటు ముందే పన్నుగా వసూలు చేసే టీసీఎస్ మాత్రం పోయినట్టు కాదు, రిటర్నులో సర్దుకుంటుంది.

గట్టు_నడక

మోకాళ్ళ గురించి. హెల్సింకి, గ్దాన్స్క్, రీగా పాత బస్తీ దాదాపు చదునే. ఇబ్బంది టాలిన్‌లో, అక్కడ పైబస్తీ కొండ మీద ఉంటుంది. రేవు నుంచి బోల్ట్ యాప్ ట్యాక్సీలో నేరుగా తూంపియా అనే ఆ కొండ మీదికి వెళ్ళి, నెవ్‌స్కీ చర్చి ముందు దిగండి. అక్కణ్ణించి కొహ్‌తుఓట్సా అరుగు దగ్గర ఊరంతా చూసి, పిక్ యల్గ్ అనే వాలు వీధి గుండా కిందికి దిగండి. పక్కనే లూహికే యల్గ్ అని ఉంది, అటు వెళ్ళొద్దు, మెట్లు. కింద టౌన్ హాల్ చౌకులో 1422 నాటి రికార్డుల్లోనే కనిపించే మందుల షాపు ఇప్పటికీ తెరిచే ఉంది. రోడ్డంతా గుండ్రాళ్ళే, చెప్పులు కాకుండా మందపాటి అడుగున్న బూట్లు కావాలి.

స్టాక్‌హోమ్‌లో ఒక్కటే చూడాలంటే వాసా మ్యూజియం. 1628లో మొదటి ప్రయాణంలోనే రేవు దాటకుండా మునిగిన యుద్ధనౌక, 1961లో పైకి తీశారు. పైభాగం బరువు ఎక్కువ, కిందున్న బరువు చాలదు, గాలికి ఒరిగి ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్ళొచ్చేశాయి. అంతస్తులకి లిఫ్ట్ ఉంది. లోపల చల్లగా ఉంటుంది, స్వెట్టర్ ఉంచండి.

ఎస్టోనియా, ఫిన్లాండ్, లాత్వియా గడియారం స్వీడన్ కన్నా గంట ముందు. ఫోన్ తనంతట తాను మారిపోతుంది, ఓడ మారకపోవచ్చు. తిరిగి ఎక్కాల్సిన టైమ్ ఓడ గడియారం ప్రకారమే. సొంతంగా తిరిగేవాళ్ళు ఓడ తప్పేది ఎక్కువగా ఇక్కడే.

అమలాపురం_కొబ్బరి

చాలా థాంక్సండీ. అయితే 7 రాత్రులదే, కాకపోతే జూలై తేదీ అడుగుతాను. బాల్కనీ గది తీసుకోవాలా? అమ్మ కోసం ఆవకాయ, నెయ్యి, చిన్న కరెంటు కుక్కర్ పట్టుకెళ్ళొచ్చా?

రేవు_లెక్కలు

బాల్కనీకి డబ్బు పోయొద్దు. దీవుల దారి బాల్కనీలోంచి ఒకవైపే కనిపిస్తుంది, పై డెక్ మీద రెండు వైపులా. జూలై మొదట్లో రాత్రి పదింటికీ వెలుతురు ఉంటుంది, స్టాక్‌హోమ్ దగ్గర తెల్లవారుజామున మూడున్నరకే పొద్దు పొడుస్తుంది, కిటికీ లేని గదిలో నిద్ర బాగా పడుతుంది. ఓడ మధ్యలో, కింది డెక్‌లో, లిఫ్ట్‌కి దగ్గరగా అడగండి. ఊపూ తక్కువ, నాన్నగారికి నడకా తక్కువ.

కుక్కర్ ఓడ ఎక్కేటప్పుడే తీసేసుకుని దిగేటప్పుడు ఇస్తారు. నెయ్యి, పాలకోవా ఐరోపాలోకి తీసుకెళ్ళకూడదు, పాల సరుకు నిషేధం. ఆవకాయ కొట్లో కొన్న సీలు ప్యాకెట్ అయితే పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు, ఇంట్లో పెట్టింది చాలా ఓడలు రానివ్వవు. బుకింగ్‌లోనే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించి, మొదటి రాత్రే భోజనాల హాలు పెద్దకి మళ్ళీ చెప్పండి. చేపా గుడ్డూ వద్దని విడిగా చెప్పాలి. మర్నాటి కూర ముందు రోజు రాత్రే అడిగితే విడిగా వండి పెడతారు.